ఎవరినీ ఎరగదు

సొంత భూమిలో చెట్టు కొట్టించుకోవాలంటే వెనకటికి అయిదు కాగితాలు సరిపోయేవి. దరఖాస్తు, పట్టాదారు పుస్తకం నకలు, సర్వే నంబరు, చెట్టు ఫొటో, కొట్టినదానికి బదులు రెండు మొక్కలు నాటుతామని ఒక హామీ. రేంజి ఆఫీసరు వచ్చి చుట్టుకొలత టేపుతో కొలిచి, ఇంటివాళ్ళిచ్చిన మజ్జిగ తాగి, సంతకం పెట్టి వెళ్ళేవాడు. ఆ రెండు మొక్కలు నాటారా లేదా అని మళ్ళీ వచ్చి చూసినవాడు లేడు. ఆరో కాగితం పుట్టి నాలుగేళ్ళయింది. దాన్ని పుట్టించిన మనిషి డాక్టర్ హైమావతి. ఇప్పుడు ఆ కాగితం కోసమే ఆమె కవిటిలో మరిది లోకనాథం పెరట్లో, మే నెల ఎండలో, ఒక పనసచెట్టు ముందు మామూలు మనిషిలా నిలబడి ఉంది.

ఆ చెట్టు ఆమె భర్త కూర్మారావు నాటింది. కూర్మారావు పోయి రెండేళ్ళయింది. పంపకాల్లో ఆ స్థలం తమ్ముడి వాటాకు వచ్చింది. పోయిన ఏడాది తుపానుకి చెట్టు ఇంటివైపు ఒరిగింది, ఒరిగిన వైపే లోకనాథం మనవరాలు పడుకునే గది ఉంది. ఆయన కొట్టించడానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఈ చెట్టు నా భర్తను ఎరుగును, చట్టప్రకారం ఆరో కాగితంలోని ఎరుక పరీక్ష జరిపించండని హైమావతి అభ్యంతరం రాసి పంపింది. వదినగారు తనమీద కాగితం పెట్టిందని లోకనాథం నొచ్చుకున్నాడు గానీ, ఆమె వచ్చేసరికి మంచం వాల్చి ఫ్యాను పెట్టించాడు.

రేంజి ఆఫీసరు పట్నాయక్ కాండం చుట్టూ నాడిపట్టీ బిగించాడు. అరచేతి వెడల్పు పట్టీ, దానికి ఒక చిన్న తెర. చెట్టు లోపల నీరు పైకి ఎక్కే జోరును అది గీతగా గీసి చూపిస్తుంది. పట్నాయక్ చెట్టు మొదట్లో స్పీకరు పెట్టి, హైమావతి ఇచ్చిన పాత రికార్డింగు వేశాడు. గొంతు సవరించుకున్న చప్పుడు. తరవాత కూర్మారావు.

"ఏరా పెద్దోడా, బాగున్నావేటి? ఎండలు మండిపోతన్నాయి. ఉండు, ఒస్తన్నాను."

తెర మీద నేలబారుగా ఉన్న గీత కదిలింది. ముందు కొద్దిగా, తరవాత గబగబా లేచింది. నలభై దాటితే చెట్టు ఆ మనిషిని ఎరుగుననే లెక్క. గీత తొంభై ఒకటి దగ్గర ఆగింది. కూర్మారావును కాటికి తీసుకెళ్ళిన రోజున కూడా నలుగురిలో ఏడవని హైమావతి, అటవీ సిబ్బంది ముందు, మరిది ముందు, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ప్రపంచంలో ఇంకొకరెవరో ఆయన కోసం చూస్తున్నారన్నమాట.

పరీక్ష అంతటితో అయిపోదు. పదిహేను రోజుల ఎడంతో మూడు పిలుపులు ఉండాలి. మూడింటికీ గీత నలభై దాటితే పదేళ్ళ దాకా ఆ చెట్టు జోలికి ఎవరూ పోకూడదు. ఒక్కదానికి దాటకపోయినా "ఈ చెట్టు ఎవరినీ ఎరగదు" అని రాసి అనుమతి ఇచ్చేస్తారు. పరీక్ష ముగిసేదాకా చెట్టుకి చుక్క నీరు పోయకూడదు, మధ్యలో ఎవరూ పిలవకూడదు. పోసినా పిలిచినా పట్టీయే చెప్పేస్తుంది, అప్పుడు అభ్యంతరం చెల్లదు. మొదటి ఏడాది ఒక ఆసామి పరీక్షకు గంట ముందు నాలుగు బిందెలు కుమ్మరించి చెట్టును పొంగించి చూపించాడు. ఆ మోసం మళ్ళీ జరక్కుండా హైమావతే ఈ నిబంధన రాసి పంపింది. రాసినప్పుడు ఎంత పకడ్బందీగా రాశానో అని మురిసిపోయింది కూడా.

సింహాచలం కొండ వెనక ఉన్న పరిశోధన కేంద్రంలో పన్నెండేళ్ళ కిందట ఈ సంగతి బయటపడింది. రెండు వందల మొక్కలకు పట్టీలు కట్టి ఎండకూ గాలికీ ఎలా స్పందిస్తాయో చూస్తుంటే, రోజూ ఉదయం ఒకే వేళకు కొన్ని గీతలు లేస్తున్నాయి. వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాక తెలిసింది, అవి క్షేత్ర సహాయకుడు కూర్మారావు గొంతుకు లేస్తున్నాయని. ఆయన మొక్కలతో మాట్లాడుతూ తిరిగే రకం. హైమావతి ఆ గొంతును రికార్డు చేసింది, వేరే గొంతులతో పోల్చింది, గీతలు గీసింది, పత్రాలు రాసింది. పేరు వచ్చింది. ఆ ఏడే ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. పత్రాల చివర ఒక వాక్యం ఉండేది, సహకరించిన సిబ్బందికి కృతజ్ఞతలని. ఆ సిబ్బందిలో నేనున్నానా అని ఆయన వెక్కిరించేవాడు. ఆమె నవ్వేసి ఊరుకునేది.

పరిశోధన చట్టంలోకి ఎక్కాక జిల్లాలో పరీక్షల ధ్రువపత్రాల మీద హైమావతి సంతకమే ఉండాలి. ఇప్పటిదాకా నాలుగు వందల పన్నెండు చెట్లను పరీక్షించారు. నిలిచినవి పదకొండు. చెట్లకు మతిమరుపు ఎక్కువని పత్రికలు సరదాగా రాశాయి. రోడ్లు వేసేవాళ్ళూ ప్లాట్లు కొట్టేవాళ్ళూ, ఎరుక నిబంధన అంటే మొదట్లో భయపడినవాళ్ళంతా, హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

ఆ నాలుగు వందల ఒకటిలో దాలమ్మ నేరేడు చెట్టు ఒకటి. దాలమ్మకు రోహిణి ఒక్కతే కూతురు. ఇరవై రెండేళ్ళకే జబ్బు చేసి పోయింది. పిల్ల వైద్యానికి అమ్మేసిన సగం దొడ్డిలో, పిల్ల బడికి వెళ్ళే వయసులో నాటిన నేరేడు ఉండిపోయింది. కొన్నవాడు కొట్టిస్తానన్నాడు. దాలమ్మ ఫోనులో రోహిణి గొంతు ఉంది. మొదటి పిలుపుకి ఎనభై ఎనిమిది, రెండోదానికి యాభై, మూడోదానికి ఇరవై మూడు. మూడో పిలుపునాడు హైమావతి స్వయంగా వెళ్ళి చూసి వచ్చి సంతకం పెట్టింది. అంటే మా పిల్లని మరిచిపోయిందా అని దాలమ్మ అడిగింది. అవునమ్మా, చెట్లు మనకంటే తొందరగా మరిచిపోతాయని హైమావతి ఓపిగ్గా చెప్పింది. ఆ జవాబు ఎవరడిగినా అదే చెప్పేది కాబట్టి నోటికి తేలిగ్గా వచ్చేసింది.

కూర్మారావు పనసకు రెండో పిలుపు మే నెలాఖరులో. అదే గొంతు, అదే స్పీకరు. గీత లేచింది, కానీ దమ్ము చాలని మనిషి మెట్లెక్కినట్టు లేచింది. యాభై రెండు దగ్గర ఆగిపోయింది. నలభై దాటింది కదా మేడం, ఫరవాలేదని పట్నాయక్ ధైర్యం చెప్పాడు. హైమావతికి మాత్రం ఈ అంకెలు తెలుసు. ఎనభై ఎనిమిది, యాభై, ఇరవై మూడు. తొంభై ఒకటి, యాభై రెండు, తరవాత ఎంతో చెప్పడానికి శాస్త్రం అక్కర్లేదు.

రెండేళ్ళు ఎవరూ పిలవకపోయినా తొంభై ఒకటి చూపించిన చెట్టు పదిహేను రోజుల్లో సగం ఎలా మరిచిపోతుంది? ఈ ప్రశ్న ఆమె నాలుగు వందల ఒక్కసార్లు అడిగి ఉండాల్సింది. పరాయివాళ్ళ చెట్టయితే అంకె వేసి సంతకం పెట్టింది. తన మనిషి దాకా వచ్చాక అడిగింది. ఇది తలుచుకుని తరవాత చాలా రోజులు ఆమె తన ముఖం అద్దంలో చూసుకోలేకపోయింది.

పరిశోధన కేంద్రానికి వెళ్ళి నిలిచిన పదకొండు చెట్ల ఫైళ్ళూ ముందేసుకుంది. జాతి వేరు, వయసు వేరు, నేల వేరు, పిలిచిన మనుషులు వేరు. రెండు రోజులు ఏమీ దొరకలేదు. మూడోనాడు విసుగుపుట్టి పరీక్ష తేదీల పక్కన వాతావరణం గడి చూసింది. పదకొండింటికీ మొదటి పిలుపు రోజునా, రెండో పిలుపు రోజునా వాన అని ఉంది. పిలిచాక గంటలోపే వాన.

అప్పుడు పాత ప్రయోగాల వీడియోలు తీసింది. వందసార్లు చూసినవే. ప్రతిసారీ తెర మీద గీతనే చూసింది గానీ పక్కన ఏం జరుగుతోందో చూడలేదు. ఈసారి చూసింది. రికార్డింగు పూర్తవుతుంది, గీత లేస్తుంది, ఆమె గొంతు అంకె చదువుతుంది. ఆ తరవాత చట్రం అంచులోంచి ఒక మోచేయి, ఒక చెంబు. మొక్క మొదట్లో నీళ్ళు పడతాయి. తరవాతి వీడియోలోనూ అంతే, ఆ తరవాతిదానిలోనూ అంతే. రెండు వందల మొక్కలు, మూడేళ్ళు, ఒక్కసారి కూడా ఆ చెంబు తప్పలేదు. ప్రయోగ విధానంలో మాత్రం ఎక్కడా నీళ్ళ మాట లేదు. అది ప్రయోగంలో భాగమని ఆమెకు తోచనే లేదు. కూర్మారావు అలవాటు, అంతే.

ఎందుకు పోస్తావని ఒకసారి అడిగింది. మనం పిలిసినోడికి దాహం ఇవ్వకుండా పంపీమంటావేటి అన్నాడాయన. చెట్టుకి మర్యాదలేమిటని ఆమె నవ్వింది.

చెట్టు గొంతు వినగానే పొంగేది నీళ్ళు వస్తాయని. పిలవని రోజులను చెట్టు లెక్కపెట్టదు. పిలిచి ఇవ్వని నీళ్ళనే లెక్కపెడుతుంది. ఒకసారి ఊరికే పిలిస్తే సగం నమ్మకం పోతుంది, రెండుసార్లు పిలిస్తే మొత్తం పోతుంది. అవి మరిచిపోయిన చెట్లు కావు. పరీక్ష పేరుతో మూడుసార్లు మోసపోయిన చెట్లు. నాలుగు వందల ఒక్క ఇళ్ళలో మనుషులకు మీవాళ్ళను ఇది మరిచిపోయిందని చెప్పి తాను సంతకం పెట్టింది. హైమావతి బల్ల మీద తల పెట్టుకుని కూర్చుండిపోయింది. లేచేసరికి కేంద్రంలో అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు.

మర్నాడే పై ఆఫీసుకు ఉత్తరం రాసింది. వారంలో జవాబు వచ్చింది, మర్యాదగానే. విధానం మార్చాలంటే కొత్త ప్రయోగాలు కావాలి, కమిటీ కూర్చోవాలి, ఏడాది పడుతుంది. ఇచ్చేసిన అనుమతులు తిరగదోడడం కుదరదు. నడుస్తున్న పరీక్షలు పాత నిబంధన ప్రకారమే ముగుస్తాయి. నిబంధన రాసింది తానే కాబట్టి ఏ సందులోంచీ బయటపడే దారి లేదని ఆమెకు తెలుసు. అన్ని సందులూ తానే మూసింది.

ఏడాది ఆగమని అడగడానికి లోకనాథం దగ్గరికి వెళ్ళింది. ఆయన ఆమెను చెట్టు వెనక్కి తీసుకెళ్ళాడు. ఒకవైపు వేళ్ళు జానెడు పైకి లేచిపోయి ఉన్నాయి, కింద చెయ్యి దూర్చేంత సందు. బరువు తగ్గుతుందని కొమ్మలు కొట్టించి చూశాడు, ఇనపకమ్మీతో కట్టించి చూశాడు. కమ్మీ కూడా వంగిపోయింది.

"నాకిష్టమై కొట్టిస్తన్నానా వదినా?" అన్నాడు. "అన్నియ్య నాటిన సెట్టు. కార్తీకం గాలులొస్తే ఇది నా మనవరాలి మీద పడిపోద్ది. అప్పుడు నాను అన్నియ్యకేటి సెప్పాలి?"

ఆమె ఆ సందులో చెయ్యి పెట్టి చూసింది. ఆయన చెప్పింది అబద్ధం కాదు. చెట్టు బతకదు. పరీక్షలో నిలిచినా బతకనివ్వకూడదు. దీన్ని కాపాడుకోవాలని వచ్చిన మనిషికి ఈ మాట మింగుడు పడడానికి చాలాసేపు పట్టింది.

అక్కణ్ణుంచి తిన్నగా దాలమ్మ ఊరు వెళ్ళింది. ఎందుకు వెళ్తున్నదీ బస్సులో తనకే సరిగా తెలియదు. క్షమించమని అడగడానికా, బరువు దించుకోవడానికా? దాలమ్మ వాకిట్లో జీడిపిక్కలు ఆరబోస్తోంది. హైమావతిని గుర్తుపట్టి పీట వేసింది. నేరేడు ఉన్నచోట ఇప్పుడు రేకుల షెడ్డు ఉంది. హైమావతి దాని వంక చూడకుండా జరిగినదంతా చెప్పింది. చెంబు గురించి, వాన గురించి, రాయని మాట గురించి. శాస్త్రం మాటలేవీ వాడలేదు, అక్కర్లేకపోయింది.

దాలమ్మ చేతిలోని పిక్కలు చేతిలోనే ఉండిపోయాయి.

"అంటే మరిసిపోనేదా?"

"లేదమ్మా. మరిచిపోలేదు."

"మా రోయిని గొంతు ఇని, నీలొస్తాయనుకుంది. మూడుసార్లూ అనుకుంది."

హైమావతి తలూపింది.

"నాను అక్కడే ఉన్నాను గదమ్మా," అంది దాలమ్మ మెల్లగా. "రోజూ పిల్ల పోసినట్టే పోద్దారని సెంబుతో నీలు తెచ్చేను. పొయ్యకూడదు, రూలు ఒప్పుకోదన్నారు. సెంబు సేత్తో పట్టుకోనే నిల్సున్నాను."

హైమావతికి ఆ చెంబు గుర్తులేదు. అంకె మాత్రం గుర్తుంది. దాలమ్మ తిడుతుందని, కనీసం ఏడుస్తుందని ఆమె ఎదురుచూసింది. దాలమ్మ లేచి లోపలికి వెళ్ళి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆమె చేతికిచ్చింది. ఎండన పడి వచ్చావు, తాగమంది. దాలమ్మ చూస్తోందని హైమావతి బలవంతాన తాగింది. వెళ్ళేటప్పుడు దాలమ్మ గుమ్మం దాకా వచ్చి, మరిచిపోలేదన్న మాట చెప్పినందుకు మంచిపని చేశావంది. అది అన్నిటికంటే భరించరానిదిగా అనిపించింది.

మూడో పిలుపు రోజున పట్నాయక్ స్పీకరు పెట్టి మీట నొక్కబోతుంటే హైమావతి చెయ్యి అడ్డం పెట్టింది. అభ్యంతరం వెనక్కి తీసుకుంటానంది. ఆయన అయోమయంగా చూశాడు. ఏమో, నలభై దాటుతుందేమో కదా మేడం అన్నాడు. దాటదని ఆమెకు తెలుసు. నాలుగు వందల ఒక్కసార్లు తెలుసు. ఇంకొక్కసారి ఊరికే పిలిస్తే ఆయన గొంతు ఆ చెట్టుకు ఉత్త చప్పుడైపోతుంది. ఎటూ పోయేదే. పోయేలోగా ఆయన్ని దాని దగ్గర్నుంచి లాగేసుకోవడం ఎందుకు?

"పిలవకండి," అంది. "పిలిచింది చాలు."

పట్నాయక్ మంచివాడు, కాగితం తిప్పి తిప్పి చూశాడు. దరఖాస్తు ముగించడానికి అందులో రెండే వాక్యాలు అచ్చు వేసి ఉన్నాయి. ఎరుగును, ఎవరినీ ఎరగదు. ఎరుగును గానీ కొట్టండి అని రాయడానికి చోటు లేదు. చోటు ఉంచాలని ఆ కాగితం తయారు చేసిన రోజున ఎవరికీ తోచలేదు. ఆమె ఒక్క నిమిషం కలం పట్టుకుని నిలబడి, రెండో వాక్యం కింద సంతకం పెట్టింది. తెలిసి పెట్టిన అబద్ధపు సంతకం ఆమె జీవితంలో అదొక్కటే. తెలియక పెట్టినవి మాత్రం నాలుగు వందల ఒకటి.

అనుమతి పత్రానికి ముప్పై రోజుల గడువు ఉంటుంది. హైమావతి సెలవు పెట్టి మరిది ఇంట్లోనే ఉండిపోయింది. అధికారిక పట్టీ తీసేసి పాతది ఒకటి కట్టింది. రోజూ ఉదయం ఏడు గంటలకు ఫోనులో కూర్మారావు గొంతు వినిపించి, వెంటనే నూతిలోంచి రెండు బిందెలు తోడి పోసేది. మొదటి రోజున గీత యాభై కూడా లేవలేదు. నాలుగోనాటికి అరవై. పదోనాటికి ఎనభై. ఇరవయ్యోనాడు తొంభై నాలుగు చూపించింది. లోకనాథం అరుగు మీద కూర్చుని చూసేవాడు. ఒకరోజు తానే బిందె అందుకుని పోసి, ముఖం తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

ఆఖరి రోజున ఆమె పిలవలేదు. పిలిచి కోయించడం తనవల్ల కాదనుకుంది. ఫోను పెట్టెలో పెట్టేసింది, పట్టీ ముందురోజే విప్పేసింది. నిద్రలో ఉన్నట్టే పోతుందిలే అని తనకు తాను చెప్పుకుంది.

సోంపేట నుంచి రంపంవాళ్ళు ఏడు కాకముందే వచ్చారు. చెట్టు ఇంటికి అవతలివైపు పడేలా తాళ్ళు కట్టి కోత మొదలుపెట్టారు. రంపం రెండు జానలు దిగిందో లేదో మేస్త్రీ ఆపించాడు. కోతలోంచి నీళ్ళు కారుతున్నాయి. చెమ్మ కాదు, ధార. బెరడు మీదుగా జారి అతని చెప్పులు తడిసిపోయాయి.

"పనస కోస్తే పాలొస్తాయి గానీ నీలేటి," అన్నాడు మేస్త్రీ. "ఇరవయ్యేళ్ళు కోస్తన్నాను. ఇలాటిది సూడనేదు."

హైమావతి గడియారం చూసింది. ఏడు దాటి అయిదు నిమిషాలు. ముప్పై రోజులుగా అది ఆయన వచ్చే వేళ. పిలుపు కోసం కూడా ఆగకుండా, వేళయింది కదా అని, చెట్టు తనకున్నదంతా పైకి తోడుకుని సిద్ధంగా ఉంది.

ఆపమంటావా వదినా అని లోకనాథం అడిగాడు. ఆమె వద్దని, కానివ్వమని చేత్తో సైగ చేసింది. రంపం మళ్ళీ ఆడింది. హైమావతి నూతి దగ్గరికి పరుగెత్తినట్టు వెళ్ళి బిందె నింపి తెచ్చి చెట్టు మొదట్లో పోసింది. మళ్ళీ వెళ్ళి ఇంకొకటి తెచ్చింది. రెండయ్యాక కూడా ఆగలేదు. కాళ్ళకింద బురదవుతోందని మేస్త్రీ ఏదో అనబోయి, ఆమె ముఖం చూసి, కాస్త పక్కకి జరిగి చోటిచ్చాడు. చెట్టు పడేదాకా ఆమె పోస్తూనే ఉంది.